బాకీ అడగవచ్చు, బిందె పట్టుకుపోరాదు

కొట్టులో మిగిలిన ఎరువుల పద్దు కావచ్చు, వాయిదాల మీద తెచ్చిన మిక్సీ సొమ్ము కావచ్చు, వారం వారం కట్టే గ్రూపు అప్పు కావచ్చు. వెయ్యో, రెండు వేలో బాకీ నిలిచిందంటే చాలు, వసూలుకు మనుషులు వస్తారు. గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినేలా కేకలు వేసేవారు కొందరు. సాయంత్రంలోగా కట్టకపోతే సామాను పట్టుకుపోతామని, జైలుకు పంపుతామని బెదిరించేవారు మరికొందరు. పరువు పోతుందని భయపడి, చెవి కమ్మలు కుదువబెట్టి, ఎక్కువ వడ్డీకి మరో అప్పు తెచ్చి కట్టే కుటుంబాలున్నాయి. చిన్న బాకీ పెద్ద అప్పుగా మారేది ఇక్కడే.

బాకీ తీర్చవలసినదే. అందులో సందేహం లేదు. అయితే వసూలుకు వచ్చిన మనిషికి అడిగే హక్కు మాత్రమే ఉన్నది. ఇంట్లో చొరబడి సామాను తీసుకుపోయే అధికారం లేదు. జప్తు కావాలంటే అప్పిచ్చినవారు సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ పొందాలి. ఆ తరువాత రావలసింది కోర్టు అమీనా, కంపెనీ మనిషి కాదు.

కోర్టు కూడా తాకనివి

అమీనా వచ్చినా అన్నీ తీసుకుపోవడానికి వీలు లేదు. వంట పాత్రలు, కట్టుబట్టలు, మంచాలు, పరుపులు, ఆచారం ప్రకారం స్త్రీ తీయకూడని మంగళసూత్రం వంటి నగలు, చేతివృత్తులవారి పనిముట్లు, రైతు నాగలి, బతుకుతెరువుకు అవసరమైన పశువులు, విత్తనాలు, రైతు లేదా కూలీ కాపురముంటున్న సొంత ఇల్లు జప్తు చేయరాదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతున్నది.

జైలు మాటా అంతే. డిక్రీ మొత్తం 2,000 రూపాయలు దాటకపోతే బాకీదారును సివిల్ జైలులో పెట్టరాదు. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయరాదు. కట్టే స్తోమత లేదన్న ఒక్క కారణంతో మనిషిని జైలులో పెట్టకూడదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అయితే తాకట్టు పెట్టిన బంగారం, తనఖా రాసిన ఇల్లు, ఫైనాన్సు మీద కొన్న మోటారు సైకిల్ సంగతి వేరు. ఒప్పందం ప్రకారం వాటిపై కంపెనీకి హక్కు ఉంటుంది. అయినా రౌడీలను పంపి బలవంతంగా లాక్కోవడం తగదని 2007లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. ఇచ్చిన చెక్కు బ్యాంకులో చెల్లకపోతే మాత్రం క్రిమినల్ కేసు పెట్టవచ్చు. కనుక ఖాళీ చెక్కు మీద, ఖాళీ ప్రోనోటు మీద ఎన్నడూ సంతకం చేయరాదు.

వసూలుకూ వేళ ఉన్నది

సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల నడుమ 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అలాగని ఆ కంపెనీలకు అడ్డూ అదుపూ లేవనుకోరాదు. వాటిపై రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి.

ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత బాకీ కోసం ఫోను చేయరాదని, నలుగురిలో అవమానించరాదని, బంధుమిత్రులను వేధించరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సూక్ష్మరుణాలకైతే ఆ వేళ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. వాటి వసూలు ఇరువురూ ఒప్పుకున్న చోట జరగాలి. అప్పు తీసుకున్నవారు వరుసగా రెండుసార్లు అక్కడికి రానప్పుడే ఇంటికి రావచ్చు.

కాగితమే రక్ష

వచ్చిన మనిషిని ముందుగా గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపమని అడగాలి. అసలు ఎంత, వడ్డీ ఎంత, జరిమానా ఎంత అన్నది విడివిడిగా రాయించుకోవాలి. రశీదు లేనిదే పైసా ఇవ్వరాదు. ఏజెంటు సొంత ఫోను నంబరుకు సొమ్ము పంపరాదు. ప్రోనోటు బాకీ అయితే కట్టిన ప్రతిసారీ చెల్లు వేయించాలి, పూర్తిగా తీరిన రోజున నోటు వెనక్కు తీసుకోవాలి.

ప్రోనోటుకు, కొట్టు పద్దుకు దావా గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ తరువాత కాలదోషం పడుతుంది. గడువులోగా కొంత కట్టి చెల్లు మీద సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. కనుక ఏ కాగితమైనా చదివించుకున్నాకే సంతకం పెట్టాలి.

బెదిరింపులకు దిగితే, అది కంపెనీ మనిషైనా కొట్టు యజమాని అయినా, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకు, ఫైనాన్సు కంపెనీల మీద ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఖర్చు లేదు. వివరాలకు ఫోను నంబరు 14448. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రాజీ చేసుకోవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అందుకు నంబరు 15100.

తలుపు వేసుకుని లోపల కూర్చుంటే వడ్డీ ఆగదు. ఎంత కట్టగలరో, ఎన్నాళ్లలో కట్టగలరో ముందే చెప్పి వాయిదాలు రాయించుకోవడం మేలు. అప్పిచ్చినవారికి సొమ్ము చేరుతుంది, తీసుకున్నవారికి గౌరవం మిగులుతుంది.