పైకప్పు చూసి లోపల ఏముందో చెప్పగలమా?

ఓపెన్ సోర్స్ అనగానే మన సీఎస్ఈ వాళ్లకి లినక్స్, గిట్‌హబ్ గుర్తొస్తాయి. ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్, అంటే ఓసింట్, వేరే సంగతి. శాటిలైట్ ఫొటోలు, కంపెనీ రికార్డులు, టెండర్లు, వార్తలు, ఇలా ఎవరైనా చూడగలిగే సమాచారాన్ని కలిపి ఒక అంచనాకి రావడం. రసాయన ఆయుధాలు తయారవుతున్నాయని అనుమానం ఉన్న చోట ఇది ఎంతవరకు పనికొస్తుందో రెండు పాత కేసులు చదివాక నాకు అర్థమైంది. రెండు చోట్లా చెప్పిన మాట ఒకటే: "ఇది మందుల ఫ్యాక్టరీ."

మొదటిది లిబియాలోని రబ్తా. 1990 మార్చిలో ఆ ప్లాంట్ తగలబడిపోయిందని వార్తలొచ్చాయి. ఫ్రాన్స్ కమర్షియల్ శాటిలైట్ స్పాట్ తీసిన ఫొటోలో మాత్రం బిల్డింగులు నిలబడే ఉన్నాయి. ఆ ఫొటోలో ఒక పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. కాలిందా లేదా అని తేల్చడానికి అది చాలు, లోపల ఏం వండుతున్నారో చెప్పడానికి చాలదు. ఆ రెండో జవాబు 2004లో గానీ రాలేదు. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరుతూ లిబియానే తన దగ్గర 20 టన్నులకు పైగా మస్టర్డ్ ఉందని ప్రకటించింది.

రెండోది సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లోని అల్ షిఫా. 1998 ఆగస్టు 20న అమెరికా క్రూయిజ్ మిసైళ్లతో దాన్ని కూల్చేసింది. ముఖ్యమైన ఆధారం రహస్యంగా సేకరించిన మట్టి. అందులో వీఎక్స్ విషం తయారీకి వాడే ఎంప్టా దొరికిందన్నారు. కానీ ఆ ఫ్యాక్టరీ ఇరాక్‌కి పశువుల మందులు పంపడానికి అదే ఏడాది ఐక్యరాజ్యసమితి నుంచే అనుమతి తెచ్చుకుంది. శిథిలాల్లో విలేకరులకి కనబడినవీ మందులే. దర్యాప్తు బృందాన్ని పంపమని సూడాన్ అడిగినా భద్రతా మండలి పంపలేదు. తిరుగులేని సాక్ష్యం ఇప్పటికీ బయటికి రాలేదు.

చిక్కంతా ఎక్కడుందంటే, మందుకీ విషానికీ వాడే రియాక్టర్లు, పైపులు చాలావరకు ఒకటే. అందుకే ఫొటోలో కంచె, కాపలా, కొత్త రోడ్డు కనిపిస్తే అవి అనుమానాలే, రుజువులు కావు. మామూలు ఫ్యాక్టరీ అయినా ఇలాగే కనబడుతుందా అని ప్రతిసారీ అడగాలి. మనకి అనుకూలంగా ఉన్న కాగితాలే కాదు, మన అంచనాని తప్పని చూపించే కాగితాలు కూడా వెతకాలి. చివరి మాట మాత్రం లోపలికెళ్లి శాంపిల్ తీసి, ఒకటికి రెండు ల్యాబుల్లో పరీక్షించే ఇన్‌స్పెక్టర్లదే.

మన మోడల్‌లో ఫాల్స్ పాజిటివ్ వస్తే అక్యూరసీ కాస్త తగ్గుతుంది. ఇక్కడ వస్తే ఒక పేద దేశానికి మందుల ఫ్యాక్టరీ ఉండదు.