మీకు తెలుసా? అయస్కాంతము, గురుత్వాకర్షణ

1600లో విలియం గిల్బర్టు భూమియే యొక మహాయస్కాంతమని ప్రకటింపగా, ఆ భావముచే ప్రేరితుడైన కెప్లరు, గ్రహములను నడుపునది అయస్కాంతశక్తిని బోలినదేదో సూర్యునియందున్నదని 1609లో ఊహించెను. ఊహ నిలువకున్నను, గ్రహగతికి కారణమును సూర్యునియందే వెదకిన ఆ ధైర్యము మిక్కిలి శ్లాఘనీయము. న్యూటను 1687లో వివరించిన గురుత్వాకర్షణ ద్రవ్యరాశిగల ప్రతి వస్తువునకును చెందినది, వికర్షణ మెరుగనిది, ఏ తెరచేతను అడ్డగింపరానిది. అయస్కాంతమున సజాతిధ్రువములు వికర్షించుకొనును. దూరము రెట్టింపైనచో గురుత్వబలము నాల్గవవంతగును; తమ పరిమాణముకంటె చాల ఎడముగానున్న రెండు చిన్న అయస్కాంతముల నడిమి బలము పదునారవవంతునకు క్షీణించును. ఇనుపమేకును ఏండ్లతరబడి పట్టియుంచినను అయస్కాంతము శక్తిని వ్యయపరుపదు. మేకును ఊడబెరికెడు చేయియే, రాతిని నేలనుండి పైకెత్తు చేయివలె, ఆ శక్తిని సమకూర్పవలయును.