రిపోర్టులన్నీ నార్మల్.. మరి మనసో?

చెయ్యి విరిగితే ఎవరూ మొహమాటపడరు. ఆసుపత్రికో, పుత్తూరు కట్టుకో వెంటనే బయల్దేరతారు. అదే మనసు విరిగితే ఏళ్ల తరబడి దాచుకుంటారు. చివరికది ఒంటి బాధగా బయటపడుతుంది. గుండెదడ, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఒళ్లంతా నొప్పులు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేస్తే అన్నీ మామూలుగానే ఉంటాయి. ‘ఏ జబ్బూ లేదంటున్నారు, నాకేమో దేనిమీదా ఆసక్తి లేదు’ అనే మాట మా ఓపీలో తరచూ వింటుంటాం. ఇలాంటి వారిలో చాలామందికి సైకాలజిస్టుతో విడిగా కూర్చుని మాట్లాడే టాక్ థెరపీ మేలు చేస్తుంది.

సలహా వేరు, చికిత్స వేరు

‘మాట్లాడటానికి డబ్బులెందుకు, ఇంట్లో మేం లేమా?’ అని మీరు అడగొచ్చు. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే చెబుతారు. గుడికి వెళ్లు, వాకింగ్ చెయ్యి, జరిగింది మర్చిపో అంటారు. అవి సలహాలు. సైకాలజిస్టు ముందుగా వింటారు, తర్వాత అడుగుతారు.

ఉదాహరణకు భార్య చనిపోయి, కొడుకు అమెరికాలో ఉండి, చిత్తూరులో ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ను ఊహించుకోండి. రోజులో ఏ వేళ భారంగా గడుస్తోందని సైకాలజిస్టు అడుగుతారు. సాయంత్రం ఆరింటికి అంటారాయన. ఒకప్పుడు ఆ వేళకు ఏం చేసేవారు? వీధి పిల్లలకు లెక్కలు చెప్పేవారు, ఆమె అందరికీ బొరుగులు పెట్టేది. మరి ఎందుకు మానేశారు? ఇక్కడ ఆయన చాలాసేపు మౌనంగా ఉండిపోవచ్చు. ఆ మౌనాన్ని తొందరపెట్టకపోవడమూ చికిత్సలో భాగమే. మళ్లీ పిల్లల్ని పిలవాలన్న ఆలోచన ఆయనకే రావాలి. జీవితానికి అర్థాన్ని మందుచీటీ మీద రాసివ్వలేం.

ఫ్రాంకల్ చూపిన దారి

ఈ పద్ధతికి బలమైన పునాది వేసినవారు వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ (1905-1997). 1942 నుంచి 1945 దాకా నాజీ నిర్బంధ శిబిరాల్లో గడిపారు. తల్లిదండ్రులను, సోదరుణ్ని, భార్యను పోగొట్టుకున్నారు. ఆయన చికిత్సా విధానం పేరు లోగోథెరపీ.

భార్య పోయిన దుఃఖం నుంచి రెండేళ్లయినా తేరుకోలేని ఒక వృద్ధ వైద్యుడు ఆయన దగ్గరికి వచ్చారు. ఫ్రాంకల్ ఓదార్చలేదు. ముందు మీరే పోయి ఉంటే ఆమె పరిస్థితి ఏమయ్యేదని అడిగారు. తట్టుకోలేకపోయేదన్నారాయన. అంటే, ఆ బాధ ఆమెకు తప్పింది, దాన్ని ఈయన మోస్తున్నారు. దుఃఖం పోలేదు, దానికొక అర్థం దొరికింది.

అర్థం మూడు దారుల్లో దొరుకుతుందన్నారు ఫ్రాంకల్. మనం చేసే పని, మనం ప్రేమించే మనుషులు లేదా ఆస్వాదించే అనుభవాలు, తప్పించుకోలేని కష్టం ఎదురైనప్పుడు మనం నిలబడే తీరు.

ఎప్పుడు, ఎక్కడికి?

* దిగులు, నిరాసక్తత, నిద్రలేమి రెండు వారాలకు మించి ఉంటే ఆలస్యం చేయొద్దు. ముందు ఒంటి జబ్బులేమీ లేవని డాక్టరుతో నిర్ధారించుకోండి.
* సైకియాట్రిస్టు మందులు రాసే వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి.
* ఒక్కో సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు, వారానికోసారి ఉంటుంది. ఒకటి రెండుసార్లకే ఫలితం లేదని మానేయకండి.
* చెప్పిన విషయాలు గోప్యంగా ఉంటాయి. ప్రాణాపాయం ఉందనుకోవడం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం మినహాయింపు ఉంటుంది.
* డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులూ అవసరమే. వాటిని సొంతంగా ఆపొద్దు.
* తిరుపతి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంట్లో ఎవరైనా ‘నేనుండి ఏం లాభం’ అంటుంటే కసురుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.