తెనాలి సీటు ఏమయింది?

బెజవాడలో రైలెక్కి, కృష్ణ వంతెన దాటి, పసుపు కొట్లకు పేరుపడ్డ దుగ్గిరాల మీదుగా పోతే తెనాలి వస్తుంది. మూడు కాలవల వూరు. ‘ఆంధ్రా పారిస్’ అని బిరుదు కూడా వుంది. నాకు మాత్రం అది అమ్మమ్మగారి వూరు.

2009 ఏప్రిల్‌లో అమ్మమ్మను పోలింగుకు తీసుకువెళ్ళే పని నా మీద పడింది. ఎనభై దాటిన మనిషి. తెల్లవారకుండానే తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది.

“పార్లమెంటుకు మన తెనాలి నుంచి ఎవరెవరు నిలబడ్డార్రా?” అంది.

“తెనాలికి సీటు లేదు అమ్మమ్మా. పార్లమెంటుకు మనమిప్పుడు గుంటూరు కింద లెక్క.”

“ఎవరు తీసుకుపోయారు?” అంది, పెరట్లో అరటిగెల పోయినట్టు.

దారి పొడుగునా ఆమె పాత సంగతులే చెప్పింది. 1952లో మొదటి ఎన్నికలు. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. నచ్చిన గుర్తు అంటించిన పెట్టెలో కాగితం వెయ్యడమే. కాంగ్రెసుది జోడెడ్ల పెట్టె. గెలిచినవారు కొత్త రఘురామయ్యగారు. తాతయ్య పక్కా కాంగ్రెసువాది. ఇంటికి రాగానే, “ఏ పెట్టెలో వేశావు?” అని అడిగాడట. “పెట్టెకే నోరు లేదు, నాకెందుకు?” అందట అమ్మమ్మ. తాతయ్య పోయేదాకా ఆ రహస్యం ఆయనకు తెలియలేదు.

1957లో నిడుబ్రోలు రంగాగారు కాంగ్రెసు తరఫున గెలిచారు. రెండేళ్ళు తిరిగేసరికి కాంగ్రెసు వదిలి స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. 1962లో పెట్టెలు పోయి, కాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ఆ ముద్రలు ఈసారి కమ్యూనిస్టు కొల్లా వెంకయ్యగారికి పడ్డాయి. పదేళ్ళలో ముగ్గురు మనుషులు, మూడు దారులు!

ఇక్కడ వెంటవెంటనే రెండుసార్లు గెలిచినవారు మేడూరి నాగేశ్వరరావుగారు ఒక్కరే. 1977లో ఆవూదూడ గుర్తు మీద, 1980లో హస్తం గుర్తు మీద. 1984లో దేశమంతా రాజీవ్ గాంధీ గాలి వీస్తే మన రాష్ట్రంలో రామారావుగారి సైకిలు తిరిగింది. నిశ్శంకరరావు వెంకటరత్నంగారు నెగ్గారు. 1989లో కాంగ్రెసు సింగం బసవపున్నయ్యగారు, 1991లో తెలుగుదేశం ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లుగారు.

ఇక సినిమావారి సంగతి. పక్కనున్న మోరంపూడి జగ్గయ్యగారు 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. బుర్రిపాలెం కృష్ణగారు 1989లో ఏలూరు నుంచి వెళ్ళారు. “మన పిల్లలు పొరుగూళ్ళలో గెలుస్తారేమిరా?” అని అమ్మమ్మ నొచ్చుకునేది. తెనాలిలో పుట్టిన వూర్వశి శారదగారు 1996లో తెనాలి నుంచే నెగ్గి ఆ కొరత తీర్చారు.

1998లో కేంద్రంలో మంత్రిగా చేసిన శివశంకర్‌గారు వచ్చారు. ఆ సభ ఆయుష్షు పదమూడు నెలలు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. “చూశావా, ఒక్క ఓటు!” అని ఆనాటి నుంచి అమ్మమ్మ ఎవరు ఓటు ఎగ్గొట్టినా ఇదే పాఠం చెప్పేది. ఆ యేడే మళ్ళీ ఉమ్మారెడ్డిగారు, 2004లో మీటలు నొక్కే యంత్రాలు వచ్చాక కాంగ్రెసు బాలశౌరిగారు. తెనాలి పేరున ఢిల్లీ వెళ్ళినవారిలో ఆయనే చివరివారు.

పోలింగు బడి దగ్గర వరసలో నిలబడి అసలు సంగతి చెప్పాను. 2001 జనాభా లెక్కలను బట్టి నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీశారు. రాష్ట్రానికి వున్న 42 సీట్లూ అలాగే వున్నాయి. తెనాలి, బొబ్బిలి, భద్రాచలం వంటి పేర్లు పోయి, హైదరాబాదు చుట్టూ మల్కాజిగిరి, చేవెళ్ళ వంటివి వచ్చాయి. జనం పెరిగినచోట సీటు పెరుగుతుంది. తెనాలి అసెంబ్లీ సీటు గుంటూరు కిందికి, పక్కనున్న వేమూరు బాపట్ల కిందికి వెళ్ళాయి.

“మల్కాజిగిరి అంటే మన పెద్దాడు ఇల్లు కట్టుకున్నచోటు కాదూ?”

“అవును. చిన్న మామయ్య కూడా అక్కడే.”

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. నలుగురు పిల్లలను కన్న ఇల్లు. ఆ రోజు ఓటు వెయ్యడానికి ఆ ఇంటి నుంచి వచ్చింది ఆమె ఒక్కతే.

లోపల రెండు యంత్రాలు: ఒకటి తెనాలి అసెంబ్లీది, రెండోది గుంటూరు పార్లమెంటుది. రెండుసార్లు కూత వినిపించింది. వేలికి సిరాచుక్కతో బయటికి వచ్చింది.

“ఎవరికి వేశావు అమ్మమ్మా?”

“పెట్టెకు నోరొచ్చింది గాని నాకు రాలేదు” అంది. నాలుగడుగులు వేసి ఆగింది. “అయితే సీటు తీసుకుపోయింది మనవాళ్ళేనన్నమాట. పోనీలే, వాళ్ళక్కడైనా ఓటు వేశారో లేదో ఒకసారి ఫోను చేసి కనుక్కో.”