రెండు గుంజలు, ఒక దూడ

"ఫీజు కట్టేది వాళ్ల నాన్నే కదండీ, మరి నాన్న ఉన్న రాష్ట్రంలో మా అమ్మాయికి ఇన్‌స్టేట్ ఫీజు ఎందుకు రాదు?" అమెరికాలో విడాకులు తీసుకుని పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు తల్లులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. తండ్రులు అడిగేది ఇంకొకటి: "కోర్టు కస్టడీ నాకే ఇచ్చింది, ఇక అడ్డేముంది?" రెండింటి వెనకా ఉన్న పొరపాటు ఒకటే. డబ్బు కట్టినంత మాత్రాన గానీ, కోర్టు కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన గానీ బిడ్డ ఆ రాష్ట్రం బిడ్డ అయిపోదు.

ఈ పొరపాటు ఖరీదు చిన్నది కాదు. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో చాలా ఏళ్లపాటు ఫీజు స్థానికులకు ఏడాదికి సుమారు 6,400 డాలర్లు, బయటివాళ్లకు 28,700 దాకా ఉండేది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో 2024-25లో చేరిన బయటి రాష్ట్రం విద్యార్థి అదనంగా కట్టాల్సిన సొమ్మే 34,200 డాలర్లు.

మనకు లోకల్, నాన్‌లోకల్ అనగానే 1974 రాష్ట్రపతి ఉత్తర్వు లెక్క గుర్తొస్తుంది. వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నదే అందులో ముఖ్యం. అమెరికాలో మొదట చూసేది డొమిసైల్. ఆవు పగలంతా ఏ గట్టున మేసినా పొద్దుగూకేసరికి తన గుంజ దగ్గరికే వస్తుంది. ఆ గుంజే డొమిసైల్. ఉద్యోగం కోసం ఆరు నెలలు ఇంకో రాష్ట్రంలో ఉన్నా, తిరిగొచ్చే ఇల్లు ఏదో అదే లెక్క. దూడకు సొంత గుంజ ఉండదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థిదీ అంతే, వాళ్ల డొమిసైలే తనది. విడాకులతో గుంజలు రెండయ్యాయి. ఇప్పుడు పలుపు దేనికి కట్టి ఉన్నట్టు?

ఇక్కడే రాష్ట్రానికో తీరు. ఫ్లోరిడా చట్టం ఉదారమైనది. విడిపోయిన తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు ఆ రాష్ట్రంలో చట్టప్రకారం నివాసి అయినా చాలు, పన్ను లెక్కల్లో బిడ్డను ఎవరు చూపించుకున్నారన్నది అడ్డు రాదు. నాకు చాలా నచ్చిన చట్టం ఇది. పెళ్లి విడిపోయినా బిడ్డకు ఇద్దరూ మిగిలే ఉంటారని ఒప్పుకుంటుంది. కాలిఫోర్నియాలో మైనరు బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వాళ్ల నివాసమే బిడ్డ నివాసం. వర్జీనియాలో మాత్రం డబ్బుకు విలువుంది. ట్యాక్స్ రిటర్న్‌లో బిడ్డను డిపెండెంట్‌గా చూపించినవాళ్లు లేదా గణనీయంగా పోషించినవాళ్లు ఉన్నచోటే విద్యార్థి డొమిసైల్ అని మొదట అనుకుంటారు. కాదని ఆధారాలు చూపించుకోవచ్చు.

ఈ ట్యాక్స్ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే విడాకుల సమయంలో ఎవరూ దీన్ని కాలేజీతో ముడిపెట్టి ఆలోచించరు. బిడ్డ మైనరుగా ఉన్నంతకాలం అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ రాత్రులు లెక్కపెడుతుంది. ఏడాదిలో బిడ్డ ఎక్కువ రాత్రులు ఎవరింట పడుకుంటే వాళ్లే కస్టోడియల్ పేరెంట్. రాత్రులు సమానమైతే ఆదాయం ఎక్కువున్నవాళ్లు. ఆ పేరెంట్ ఫారం 8332 మీద సంతకం పెడితే డిపెండెంట్ హక్కు రెండోవాళ్లకు వెళ్తుంది. ఏటా కాస్త పన్ను కలిసొస్తుందని, గొడవ తెగుతుందని తల్లి ఆ సంతకం పెట్టేస్తుంది. ఆమె వర్జీనియాలో, ఆయన మేరీల్యాండ్‌లో ఉన్నారనుకోండి. బిడ్డ కాలేజీకి వెళ్లే వేళకు ఆ సంతకం పలుపును అవతలి గుంజకు లాగుతుంది. పోషిస్తున్నది తనేనని ఆమె కాగితాలు చూపించి నిరూపించుకోవాల్సి వస్తుంది.

ఇక తండ్రులు చూపించే కస్టడీ ఉత్తర్వు చాలా రాష్ట్రాల్లో బిడ్డకు 18 నిండగానే ముగుస్తుంది. కాలేజీలో చేరేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. ఫాఫ్సా దరఖాస్తుది వేరే లెక్క. 2024-25 నుంచి, ముందటి 12 నెలల్లో ఎక్కువ పోషించిన పేరెంట్ వివరాలే అందులో ఇవ్వాలి. అది ఆర్థిక సాయానికి సంబంధించింది, దాన్ని చూసి ఇన్‌స్టేట్ ఇవ్వరు.

"పిల్లాణ్ణే ముందుగా పంపించి, గది అద్దెకు తీసి, డ్రైవింగ్ లైసెన్సు మార్పిస్తే ఏడాదికి ఇన్‌స్టేట్ అయిపోతాడు" అని చుట్టాలిచ్చే సలహా నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. పరాయి పొలంలో ఏడాది మేసినంత మాత్రాన ఆ దొడ్డి ఆవు అయిపోదు, బందెలదొడ్డి జరిమానా తప్పదు. చదువు కోసమే వచ్చాడని అనుకోవడం చాలా రాష్ట్రాల పద్ధతి. కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు ఆ రాష్ట్రంవాళ్లు కాని 24 ఏళ్లలోపు విద్యార్థి తన పోషణ తానే చూసుకుంటున్నట్టు కూడా చూపించాలి. చదివిన బడిని బట్టి దారి ఇచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. టెక్సస్‌లో హైస్కూలు పూర్తయ్యేముందు 36 నెలలు, కాలేజీ సెన్సస్ తేదీకి ముందు 12 నెలలు అక్కడే ఉన్న బిడ్డకు, ఆ తర్వాత తల్లి జార్జియా వెళ్లిపోయినా హక్కు పోదు. కాలిఫోర్నియా 2001లో తెచ్చిన ఏబీ 540 చట్టం కూడా ఈ తరహాదే.

12 నెలలు నివాసం ఉండాలన్న గడువు దగ్గర మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఆషాఢమని ఇల్లు మారడం వాయిదా వేస్తారు. శ్రావణం వచ్చాక మంచిరోజు చూసుకుని మారేసరికి ఆగస్టు చివరికొస్తుంది. మరుసటి ఏడు తరగతులు మొదలయ్యేది ఆగస్టులోనే. కొన్ని రోజులు తక్కువై ఆ సెమిస్టర్‌కు బయటి రాష్ట్రం ఫీజు పడుతుంది. ఏ పంచాంగమూ ఆ డబ్బు తిరిగివ్వదు. టెక్సస్‌లో సెన్సస్ తేదీ వరకు, అంటే సెమిస్టర్‌లో తరగతులు జరిగే పన్నెండో రోజు వరకు లెక్కేస్తారు, ఫ్లోరిడాలో మొదటిసారి చేరే నాటికి 12 నెలలు నిండాలి. చూడాల్సిన తేదీలు ఇవి.

నాకు ఇష్టమైన కేసు ఒకటి చెప్పాలి. 1971లో మార్గరెట్ క్లైన్ అనే విద్యార్థిని కనెటికట్‌లో చదువుకు కాలిఫోర్నియా నుంచి దరఖాస్తు పెట్టి, కనెటికట్ అబ్బాయిని పెళ్లాడి అక్కడికే వచ్చేసింది. లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, ఓటు అన్నీ అక్కడివే. అయినా దరఖాస్తు నాటి చిరునామా చూసి, చదువు పూర్తయ్యేదాకా నువ్వు బయటిదానివే అంది ఆ రాష్ట్ర చట్టం. 1973లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఏడాది నివాసం అడగవచ్చు, కానీ ఆధారాలు చూపించే అవకాశమే ఇవ్వకపోవడం చెల్లదంది.

అందుకే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి "నాన్‌రెసిడెంట్" అని ఉత్తరం రాగానే ఫీజు కట్టేసి ఊరుకోవద్దు. ఆ రాష్ట్రంలో ఉన్న పేరెంట్ లీజు, ట్యాక్స్ రిటర్న్, జీతం కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు, విడాకుల ఉత్తర్వు కలిపి గడువులోగా అప్పీలు పెట్టండి. మాజీ భార్య దగ్గరో మాజీ భర్త దగ్గరో ఉన్న కాగితాల కోసం ఈ రోజే ఫోన్ చేయండి.