చేసి చూపిన లెక్క

ఉన్నత పాఠశాలలలో రసాయన శాస్త్రమనిన బెదరు బాలబాలికలు పెక్కుమంది గలరు. వారి భయమంతయు నల్లబల్లమీది లెక్కను గూర్చినది. ఉపాధ్యాయుడు మోల్ అను దానికి నిర్వచనము చెప్పి, సూత్రమొకటి వ్రాసి, వెంటనే పది ప్రశ్నలిచ్చి యింటికి పంపును. ఇది న్యాయమైన పద్ధతి కాదని మా యభిప్రాయము.

1985లో ఆస్ట్రేలియా దేశమున జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ అను పరిశోధకులు బీజగణితమునందు పరీక్షించి చూపిన విషయ మిచట స్మరింపదగినది. కొత్తగా నేర్చువానిని లెక్కలతో కుస్తీ పట్టనిచ్చుటకంటె, పూర్తిగా చేసిన లెక్కలను ముందుంచి చదివించినచో, అటువంటివానిని వాడు త్వరగాను, తక్కువ తప్పులతోను చేయగలుగును. మనస్సున ఒకేసారి నిలుపుకొనగల విషయములు కొలదియే గదా! దారి వెదకుటలోనే ఆ శక్తి వ్యయమైనచో నేర్చుకొనుటకు మిగులున దేమి? వృత్తిలో జేరిన యువకునకు పెద్ద వకీలు మొదట పాత దావాల కట్టనిచ్చునే గాని, తెల్లకాగితమిచ్చి దావా వ్రాయుమనడు.

పల్నాటి పిడుగురాళ్ల సున్నపు బట్టీలు మన మెరిగినవే. 100 గ్రాముల కాల్షియము కార్బొనేటును కాల్చగా 56 గ్రాముల సున్నము, 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. రాయి 25 గ్రాములైన సున్నమెంత? ఉపాధ్యాయుడు ప్రతి మెట్టును పైకి చెప్పుచు వ్రాయవలెను. 25ను 100తో భాగింపగా మోల్‌లో నాల్గవ వంతు. ఒక మోల్ రాయికి ఒక మోల్ సున్నము గనుక అదియు నాల్గవ వంతే. 56లో నాల్గవ వంతు 14 గ్రాములు. వాయువు 11. రెండును గూడిన 25; తూకము సరిపోయినది. ఈ సరిచూచుటను పలువురు విడిచిపుచ్చుదురు గాని, లెక్కకు ప్రాణమదియే.

రెండవ లెక్కలో రాయి నూటికి 80 పాళ్లే శుద్ధమైనదనుకొందము. కార్బొనేటు 20 గ్రాములు, అనగా మోల్‌లో ఐదవ వంతు, అనువరకు చేసి చూపి, 11.2 గ్రాముల సున్నమను తుది మెట్టును విద్యార్థికి విడువవలెను. మూడవ లెక్కలో మరి రెండు మెట్లు. నాల్గవది వాని స్వంతము.

అయితే సున్నపు లెక్కలో నిష్పత్తి ఒకటికొకటి యగుటచే, సమీకరణములోని అంకెలను గమనింపకయే విద్యార్థి గట్టెక్కును. కావున నీటి లెక్క వెంటనే రావలెను. రెండు ఉదజని, ఒక ఆమ్లజని యన్నంతనే రెండు గ్రాములకు ఒక గ్రామని వ్రాయువారు గలరు; నిజమునకు 4 గ్రాములకు 32 గ్రాములు. ఆ తప్పును బల్లపై వ్రాసి, ఎక్కడ దారి తప్పినదో పిల్లలనే యడుగుట మేలు.

ఇది కంఠపాఠమునకు దారితీయునని కొందరందురు. ఇక్కడ 100తో నేల భాగించితిమని అడుగని తరగతిలో వారి యాక్షేపణ సబబే. అట్టిచోట గైడు పుస్తకమునకును దీనికిని భేదము లేదు. ఆరితేరినవానికి ఈ యుదాహరణములే భారమగునని 2003లో స్లావా కల్యూగా ప్రభృతులు వెల్లడించిరి. కిక్కిరిసిన తరగతిలో ఎవరికి ఎప్పుడు వీనిని మాన్పవలెనో కనిపెట్టుట కష్టమే. శిక్షణ కళాశాలలు ఆ నేర్పునకు కొన్ని గంటలైన కేటాయింపవలెను. పాఠ్యపుస్తకములు వ్రాయించువారు ప్రతి యధ్యాయముననుండి నాలుగు ప్రశ్నలను తొలగించి, సగము చేసిన లెక్కలను నాల్గింటిని చేర్పింతురు గాక.