పండక్కి వెళ్తున్నారా? పుస్తకాలు గదిలోనే ఉండనివ్వండి!

సంక్రాంతి సెలవులిచ్చిన సాయంత్రం ఏ కాలేజీ హాస్టల్‌కైనా వెళ్లి చూడండి. ఔట్‌పాస్ మీద వార్డెన్ సంతకం కోసం ఒక వరస. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూసుకునేవాళ్లు ఇంకో పక్క. కొన్నేళ్ల కిందట అలాంటి ఓ సాయంత్రం నా విద్యార్థిని ఒకమ్మాయి బ్యాగు జిప్పు పడక, దాని మీద మోకాలు ఆనించి లాగుతోంది. ఏముందమ్మా అందులో అంటే తెరిచి చూపించింది. ఆరు పాఠ్యపుస్తకాలు, రెండు లాంగ్ నోట్‌బుక్కులు, ఒక ల్యాబ్ రికార్డు. ‘‘బ్యాక్‌లాగ్స్ అన్నీ ఈ సెలవుల్లోనే చదివేస్తాను మేడమ్’’ అంది.

పండగయ్యాక అదే బ్యాగు మోసుకుంటూ వచ్చింది. ఒక్క పుస్తకమూ తెరవలేదు. చదవాలి చదవాలి అన్న బెంగతో పండగా సరిగ్గా చేసుకోలేదు. తెచ్చుకోవాల్సిన ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోలేదు. ఫిబ్రవరిలో ఆ ఒక్క కాగితం కోసం మూడు వందల కిలోమీటర్లు మళ్లీ వెళ్లొచ్చింది, రెండు రోజుల క్లాసులు పోగొట్టుకుని.

ఆ తర్వాత ఏటా సెలవుల ముందురోజు క్లాసులో ఒకే మాట చెబుతున్నాను. ఈ వారం పది రోజుల్లో ఊళ్లో మాత్రమే అయ్యే పనులు చెయ్యండి. చదువు హాస్టల్లో అవుతుంది, లైబ్రరీలో అవుతుంది. నాన్నతో కూర్చుని ఇంటి లెక్కలు చూడటం, నాయనమ్మ మాటలు వినడం అక్కడే అవుతాయి.

బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను అసలు చదవొద్దనడం లేదు. ఒక సబ్జెక్టు, ఒక పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు నాలుగు. ఇల్లు లేవకముందు రెండు గంటలు. అంతకుమించి పెట్టుకోవద్దు. గేట్ రాసేవాళ్ల సంగతి వేరు. ఆ పరీక్ష ఫిబ్రవరి మొదటి పక్షంలోనే ఉంటుంది కాబట్టి వాళ్లకు ఇది సెలవు కాదు. వెళ్లిన రోజే ఇంట్లో చెప్పేయండి: పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా నన్ను పిలవకండి, ఆ తర్వాత మీ ఇష్టం అని. చెప్పకుండా తలుపేసుకుంటే అమ్మకు కష్టంగా ఉంటుంది, చుట్టాలకు వింతగా ఉంటుంది.

టికెట్టు సంగతి నవంబర్‌లోనే

రైలు టికెట్లు 120 రోజుల ముందు తీసుకునే వీలు ఇప్పుడు లేదు. 2024 నవంబర్ 1 నుంచి గడువు 60 రోజులే. జనవరి 12న బయల్దేరాలంటే నవంబర్ 13 ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ మొదలవుతుంది. పండగ రైళ్లలో బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి. పైగా 2025 అక్టోబర్ నుంచి, ఆన్‌లైన్‌లో బుకింగ్ తెరిచిన వెంటనే టికెట్లు ఆధార్‌తో ధ్రువీకరించుకున్న ఖాతాలకే. ఆన్‌లైన్ తత్కాల్‌కూ అంతే. కాబట్టి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జతచేసే పని అక్టోబర్‌లోనే ముగించుకోండి. తత్కాల్‌లో ఏసీ తరగతులు ముందురోజు పదింటికి, స్లీపర్ పదకొండింటికి తెరుస్తారు. తత్కాల్‌లో బెర్తు ఖరారయ్యాక రద్దు చేసుకుంటే డబ్బులు రావు, అది గుర్తుపెట్టుకుని నొక్కండి. తిరుగు టికెట్టు కూడా అప్పుడే తీసేసుకోవాలి. చాలామంది మర్చిపోయేది అదే.

ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు రెండు రాష్ట్రాల్లోనూ ఉచిత ప్రయాణం ఉంది. తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, ఆ రాష్ట్రం సరిహద్దు వరకే. ఫోన్‌లో ఉన్న ఫొటోను నమ్ముకోకుండా ఆధార్ కార్డే దగ్గర పెట్టుకోండి.

ఇక బైకుల మీద వెళ్లే మగపిల్లలు. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద పండగ ముందు పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో టీవీల్లో ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ రద్దీలో, తెల్లవారుజామున పొగమంచులో, ఇద్దరు ఒక బైకు మీద మూడు వందల కిలోమీటర్లు వెళ్లడం సాహసం కాదు. ఇంట్లోవాళ్లు మీ కోసం గుమ్మంలో కూర్చుని ఉంటారు. బస్సెక్కండి.

భోగికి ముందు రెండు రోజులు

ఆఫీసులు, బ్యాంకులు పండగకు మూసేస్తారు. అందుకని ఊరెళ్లిన మర్నాడే కాగితాల పని పెట్టుకోవాలి. తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయం లేదా మీసేవ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఎప్పటివి ఉన్నాయో హాస్టల్లోనే చూసుకుని బయల్దేరండి.

అంతకంటే ముఖ్యమైంది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. పాస్‌పోర్టు కోసం వెళ్లినప్పుడో, ఉద్యోగమొచ్చి కంపెనీవాళ్లు కాగితాలు సరిచూసినప్పుడో ఇది బయటపడుతుంది. అప్పుడు పడే హైరానా ఎన్నోసార్లు చూశాను. మెమోలో ఉన్న పేరునే ఆధారం చేసుకుని మిగతావి దిద్దించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి కౌంటర్ దగ్గర తెర మీద అక్షరం అక్షరం చదివాకే సరేననండి. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. అది ఇవ్వనివాళ్లు మీలో చాలామంది ఉండే ఉంటారు.

ఇంకో చిక్కు ఉంది. కాలేజీ దగ్గర కొత్తగా ఖాతా తెరిచినప్పుడు ‘ఆధార్ సీడింగ్’ గడిలో టిక్కు పెడతారు. అక్కడి నుంచి ప్రభుత్వం నేరుగా వేసే సొమ్ము ఆఖరున సీడింగ్ అయిన ఆ కొత్త ఖాతాకు వెళ్తుంది. ఊళ్లో పాత ఖాతా పుస్తకం పట్టుకుని స్కాలర్‌షిప్ రాలేదని బాధపడేవాళ్లలో కొందరి డబ్బు నిజానికి వచ్చే ఉంటుంది. మీ ఆధార్ ఏ బ్యాంకుకు సీడింగ్ అయి ఉందో యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

పద్దెనిమిది నిండి ఇంకా ఓటు లేనివాళ్లు ఫారం 6 నింపండి. జనవరి 1 ఒక్కటే కాదు, ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా అర్హత తేదీలే. డ్రైవింగ్ లైసెన్సు లేనివాళ్లకూ ఇదే అదను. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లొచ్చు. జనవరిలో తీసుకుంటే వేసవి సెలవుల్లో పరీక్ష ఇచ్చేయొచ్చు.

నాన్న లెక్కల పుస్తకం

ఈ మాట కొంచెం తటపటాయిస్తూనే చెబుతున్నాను. మీ చదువుకు ఏటా ఎంతవుతోందో మీకు తెలుసా? ఫీజు తెలుసు. ఆ ఫీజు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. అమ్మ గాజులు బ్యాంకులో ఎన్నేళ్లుగా ఉన్నాయో తెలియదు. మా క్లాసులో ఒకబ్బాయి నిరుడు పండక్కి వెళ్లి, కనుమ రాత్రి భోజనాలయ్యాక నాన్న పక్కన కూర్చుని అడిగాడట. ఆయన మొదట ‘‘నీకెందుకురా, నువ్వు చదువుకో’’ అన్నారు. కాసేపటికి లేచి బీరువా పైనున్న రేకు పెట్టె దించారు. పాస్‌బుక్కు, బంగారం మీద తీసుకున్న అప్పు రసీదులు, ఎరువుల కొట్టు చీటీలు. కొన్ని చీటీల మీద సిరా వెలిసిపోయింది. ఆ పిల్లాడు అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, ఏది ఎప్పుడు కట్టాలో నాన్న ఫోన్‌లో గుర్తు పెట్టాడు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. కానీ ఆ అప్పుల్లో కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం ఒకటుంది. దాన్ని గడువులోపు కడితే రాయితీలన్నీ పోను 4 శాతం వడ్డీయే పడుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. అంతకుముందు ఏడాది పది రోజుల ఆలస్యంతో ఆ ఇంటికి అదే జరిగింది.

మీరూ అడగండి. చిన్నగా, ఇద్దరే ఉన్నప్పుడు. పొలం ఉంటే మీభూమిలోనో భూభారతిలోనో సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టండి. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజన ఉంది, 436 రూపాయలతో జీవన్‌జ్యోతి ఉంది. అమ్మానాన్నల ఖాతాల నుంచి ఆ సొమ్ము మినహాయిస్తున్నారా, నామినీగా ఎవరున్నారు? బ్యాంకుకు వెళ్లినప్పుడు ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది. ఎవరైనా పోలీసులమంటూ వీడియో కాల్ చేసి డబ్బడిగితే ఫోన్ పెట్టేయమని తాతయ్యకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే చెయ్యాల్సిన నంబరు 1930. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడ మీద అంటించండి.

ఆరోగ్యం విషయం క్లుప్తంగా చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. హాస్టల్లో టిఫిన్ మానేసి, టీతో మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చే అమ్మాయిలూ ఆ లెక్కలో ఉన్నారు. ఊళ్లో ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరును కలవండి. ఐరన్ మాత్ర ఇస్తే టీ, కాఫీలతో మాత్రం వేసుకోవద్దు. తలనొప్పి తరచూ వస్తుంటే కళ్లు చూపించుకోండి. వెళ్తున్నారు కదా, తాతయ్యను కూడా తీసుకెళ్లండి. ఆయనకు శుక్లాలు ముదురుతుంటే మసకగా ఉందని తనంతట తాను చెప్పరు.

పాకం ముదిరేలోపు

నాయనమ్మ, అమ్మమ్మల మాటలు రికార్డు చెయ్యమని మా పిల్లలకు చెబుతుంటాను. ఎదురుగా కుర్చీ వేసుకుని ఫోన్ పెట్టి ‘మీ చిన్నప్పటి సంగతులు చెప్పు’ అంటే పెద్దవాళ్లు మాట్లాడరు. ‘ఏముందిరా చెప్పడానికి’ అంటారు. వాళ్ల చేతుల్లో పని ఉండాలి. అందుకు అరిసెలు వండే రోజుకు మించింది లేదు.

ముందురోజే బియ్యం నానబెట్టి ఉంటారు. నీళ్లు వంచి, గుడ్డ మీద కాసేపు ఆరబోసి, తడి ఉండగానే పిండి పట్టిస్తారు. పొయ్యి మీద బెల్లం కరుగుతుంటే నాయనమ్మ పళ్లెంలో నీళ్లు పోసుకుని పక్కన కూర్చుంటుంది. గరిటెతో రెండు చుక్కలు నీళ్లలో వేసి వేలితో దగ్గరకు లాగుతుంది. జారిపోతే ఇంకా కావాలి. మెత్తగా ఉండ అయితే ‘దించేయ్, పిండి పొయ్యి’ అని అరుస్తుంది. ఆ కొద్దిసేపు ఆమెను ఏమీ అడక్కండి, పాకం ముదిరిపోతే ఆమె క్షమించదు. అడగాల్సింది ఆ తర్వాత. ఒకరు తడుతూ, ఒకరు వేయిస్తూ, ఆమె చెక్కల మధ్య అరిసెను పెట్టి నూనె వత్తుతూ కూర్చున్నప్పుడు. అప్పుడు మాట దానంతటదే వస్తుంది. సకినాలు చుట్టే ఇళ్లలోనూ అంతే, బట్ట చుట్టూ నలుగురు చేరితే చాలు.

దివిసీమ నుంచి వచ్చిన ఒక కుర్రాడు అలా రికార్డు చేసిన నలభై నిమిషాలు నాకు వినిపించాడు. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి వాళ్ల నాయనమ్మకు పన్నెండేళ్లు. తెల్లారేదాకా చెట్టు మీద ఉన్నారట. ఆమె ఏడవలేదు. మధ్యలో ‘అది మాడిపోతోంది, తీయవే’ అని కోడలికి చెబుతూ, మళ్లీ నీళ్ల దగ్గరికి వచ్చింది. చెల్లెలి పేరు చెప్పినప్పుడు మాత్రం చెక్కల చప్పుడు ఆగింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే పెరిగిన కుర్రాడికి ఆమెకో చెల్లెలుండేదని అప్పటిదాకా తెలియదు.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నూనె చప్పుడుకు దూరంగా, ఆమెకు దగ్గరగా పెట్టండి. మొదట తేదీ, ఊరు, ఆమె పూర్తి పేరు మీరే చెప్పండి. రికార్డు చేస్తున్నానని ఆమెకు తెలియాలి. చిన్న ప్రశ్నలు అడగండి: మీ పెళ్లికి బండ్లు ఎక్కడి నుంచి కట్టారు, ఊళ్లో కరెంటు మొదట ఎవరింటికి వచ్చింది. ఆ రాత్రే ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి.

ఇక పండగకు చెయ్యకూడని పనులు. కోడిపందేల బరుల దగ్గరికి వెళ్లకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కిందా, జూద నిరోధక చట్టం కిందా అది నేరం. కేసులో పేరెక్కితే పాస్‌పోర్టు విచారణలో అదే అడ్డొస్తుంది. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు అంతకంటే చెడ్డవి. వాటిని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టమే చేసింది. ఆ అప్పు తీర్చలేక చదువు మానేసిన పిల్లలను నేను చూశాను, మళ్లీ చూడలేను. గాలిపటం ఎగరేస్తే నూలు దారంతోనే. నైలాన్ మాంజా పక్షుల రెక్కలే కాదు, బండి మీద వెళ్లేవాళ్ల గొంతులూ కోస్తుంది.

చివరగా మీ గది సంగతి. మీ పక్క మంచం మీద ఒడిశా పిల్లో, బిహార్ పిల్లాడో ఉంటారు. వారం సెలవులకు అంతదూరం వెళ్లిరాలేరు. మెస్ మూసేస్తే బన్ను, నూడుల్స్‌తో గడుపుతారు. బయటికి చెప్పరు, మనమే చూసుకోవాలి. మీతో తీసుకెళ్లండి. వాళ్లింట్లోవాళ్లతో మీ అమ్మానాన్నలను ఫోన్‌లో మాట్లాడించండి, వార్డెన్‌కు ఉత్తరం ఇప్పించండి, రెండో టికెట్టు కూడా నవంబర్‌లోనే తీయండి. అమ్మకు మాత్రం నాలుగు రోజుల ముందే చెప్పాలి, ఇంకో మనిషికి సరిపడా బియ్యం నానబోసుకుంటుంది.